ఇంట గెలవని ఆశయం

ఖాండవవన దహనం తరువాత మయుడు నిర్మించిన సభలో ధర్మరాజు కొలువుతీరి ఉండగా నారదుడు వచ్చాడు. కొత్త రాజ్యం, కొత్త సభ. రాజసూయమనే మహాసంకల్పానికి అంకురార్పణ జరుగబోతున్న సమయం. ఆ వేళ ముని రాజును అడిగిన ప్రశ్నలు సభాపర్వంలో ఒక అధ్యాయం నిండా ఉన్నవి. వాటిలో ఒకటి సైన్యాన్ని గురించినది. కొలిచేవారికి ఇవ్వవలసిన గ్రాసమూ జీతమూ తగినంతగా, తగిన కాలంలో ఇస్తున్నావా, జాగు చేయడం లేదు గదా అని ముని అడిగాడు. జాగు చేస్తే వారు ప్రభువుమీద ఆగ్రహిస్తారనీ, అది గొప్ప అనర్థానికి దారితీస్తుందనీ హెచ్చరించాడు. రామాయణంలో తనను వెదుక్కుంటూ అడవికి వచ్చిన భరతుణ్ణి రాముడు అడిగిన ప్రశ్నలలోనూ ఈ మాటే వినిపిస్తుంది.

ధర్మరాజు ధర్మాత్ముడని నారదునికి తెలియనిది కాదు. తెలిసే అడిగాడు. సత్సంకల్పం కలవాడు గనుక సేవకుల జీతం సంగతి ఆయనను అడుగనక్కరలేదని ముని అనుకోలేదు. ధర్మరాజు కూడా తన ధర్మనిరతిని శంకించారని నొచ్చుకోలేదు. చెప్పినట్లే నడుచుకొంటానని వినయంగా బదులు చెప్పాడు. ఆ ప్రశ్నను అడుగగల ధైర్యం, అడిగించుకోగల వినయం, ఈ రెండూ నేటి కాలంలో మరొక రంగంలో అవసరమవుతున్నవి.

కొత్త ఆలోచనను వస్తువుగానో సేవగానో మలచి, త్వరితంగా విస్తరించాలన్న పట్టుదలతో కొద్దిమంది కలిసి ప్రారంభించే సంస్థను స్టార్టప్ అంటున్నారు. పత్రికలు దానికి అంకుర సంస్థ అని చక్కని పేరు పెట్టినవి. 2015 నవంబరు 5న హైదరాబాదులో ఇటువంటి సంస్థలకు నీడనిచ్చే టీ-హబ్ ప్రారంభమైనది. 2016 జనవరి 16న కేంద్ర ప్రభుత్వం స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని ఆరంభించినది. 2018లో హైదరాబాదులో పుట్టిన స్కైరూట్ అనే సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగురవేసినది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్టు ఆకాశానికి ఎగయడం అదే మొదలు. ఆనాడు తెలుగు విద్యార్థుల హృదయాలు ఉప్పొంగినవంటే ఆశ్చర్యం లేదు.

ఆ ఉత్సాహం నగరం నడిబొడ్డున మాత్రమే లేదు. హైదరాబాదుకు ఆగ్నేయంగా, ఇబ్రహీంపట్నం దిక్కున ఉన్న నాదర్‌గుల్ ఒకప్పుడు పొలాల నడుమ ఒదిగిన పల్లె. 1981లో స్థాపితమైన మాతూరి వెంకట సుబ్బారావు ఇంజనీరింగు కళాశాల ఆ ఊరి పేరును రాష్ట్రమంతటా విద్యార్థులకు పరిచయం చేసినది. చేరువలోని ఆదిభట్లలో విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలూ, కంప్యూటరు సంస్థల కార్యాలయాలూ వెలసినవి. ఈ ప్రాంతపు బడులలో చదువుతున్న బాలబాలికలకు ఉద్యోగమంటే సర్కారు కొలువు మాత్రమే కాదని చిన్ననాటనే తెలుస్తున్నది. కళాశాల దాటిన యువకునికి రెండు తలుపులు కనిపిస్తున్నవి. ఒకటి పెద్ద సంస్థది: జీతం నిశ్చయం, పని నియమితం. రెండవది అంకుర సంస్థది. అక్కడ జీతం కొంచెం తక్కువైనా, “ఇక్కడ మనం లోకాన్ని మార్చబోతున్నాం” అన్న మాట ఆకర్షిస్తుంది.

ఆ మాట అబద్ధమని కొట్టివేయడం అన్యాయం. పేదకు వైద్యం, రైతుకు ధర, పల్లెకు విద్య, స్త్రీకి పరపతి సమకూర్చాలన్న ఉద్దేశంతో పుట్టిన సంస్థలు నిజంగానే ఉన్నవి. అయితే ఆ ఆశయాన్ని భుజాన మోసే ఉద్యోగి సంగతి ఏమిటి? ఆశయం గొప్పదైనకొద్దీ అతని జీతం, విశ్రాంతి, మాట చిన్నవైపోవాలా? తెలుగునాట పుట్టి దేశమంతటా పేరు పొందిన రెండు సంస్థల చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెప్పగలదు.

మొదటిది 108 సేవ. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదులో అత్యవసర నిర్వహణ, పరిశోధన సంస్థ ఏర్పడినది. దానిని స్థాపించినవారు సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. అదే ఏడాది ఆగస్టు 15న అంబులెన్సు సేవ మొదలైనది. అంతకుముందు ప్రమాదంలో గాయపడినవాణ్ణి, పురిటి నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చాలంటే ఆటోనో ఎడ్లబండినో వెదుక్కోవలసిన పల్లెలకు మూడంకెల పిలుపుతో వాహనం రావడం అద్భుతంగానే తోచినది. తరువాత ప్రభుత్వం వ్యయభారంలో అత్యధిక భాగాన్ని వహించినది. ఆ నమూనా ఇతర రాష్ట్రాలకూ వ్యాపించినది.

ఆ వాహనంలో ఇద్దరుంటారు. రోగిని చూసుకొనేవాడు అత్యవసర వైద్య సహాయకుడు. వాహనం నడిపేవాణ్ణి ఆ సంస్థ డ్రైవరు అనలేదు, పైలట్ అన్నది. ఆ పేరు పెట్టడంలో సదుద్దేశం లేకపోలేదు. పని విలువ పెంచి చూపాలనే అలా పిలిచి ఉండవచ్చును. కాని అసలు పైలటుకు పేరుతో పాటు మరికొన్ని కూడా లభిస్తవి. అలసిన చోదకుని చేతిలో విమానం ప్రమాదకరం గనుక పౌర విమానయాన శాఖ అతని పనిగంటలకు హద్దు విధించినది. 2025 జూలై నుంచి వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచినది. 108 వాహనపు పైలటుకు పేరు మాత్రం వచ్చినది. 2018 ఆగస్టులో తెలంగాణలో 108 ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు వారి కోరికలలో ముఖ్యమైనది ఎనిమిది గంటల పనిదినం.

ఇక్కడే చిక్కు ఉన్నది. బట్టల మిల్లులో కార్మికులు పని మానితే నేత ఆగుతుంది. అంబులెన్సు ఆగితే ప్రాణం ఆగవచ్చును. ఆ సంగతి ఉద్యోగికీ తెలుసు, యజమానికీ తెలుసు. అందుచేత తన కష్టం చెప్పుకోవడానికి నోరు తెరిచిన ప్రతిసారీ “మరి రోగి మాట ఏమిటి?” అన్న ప్రశ్న ఎదురై ఉద్యోగిని నిలవేస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు చెప్పవలసినవాడు పన్నెండు గంటలు చక్రం పట్టుకొన్నవాడొక్కడేనా? రోగి క్షేమం నిజంగా కోరే సంస్థ మూడవ బృందాన్ని నియమించుకోవలసి ఉంటుంది. నిద్రలేని చోదకుడు రోగికీ, దారిన పోయేవారికీ అపాయమే గనుక, ఉద్యోగికి విశ్రాంతి ఇవ్వడం ఆశయానికి ఎదురు పోవడం కాదు, దానిని కాపాడుకోవడమే.

ఈ సంస్థ చరిత్రలోనే మరొక పాఠం ఉన్నది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్ల సభ, అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనడానికి ఆమోదం తెలిపినది. ఆ బల్ల చుట్టూ విద్యాధికులు, లోకానుభవం గలవారు ఉన్నారు. వారి ఆమోదానికి అడ్డు తగిలినది బయటి వాటాదారుల ఆగ్రహమే. ఆ తీర్మానాన్ని వెంటనే ఉపసంహరించుకోవలసి వచ్చినది. మూడు వారాలు దాటగానే, 2009 జనవరి 7న, లెక్కలలో లేని వేల కోట్ల రూపాయలను ఉన్నట్లు చూపుతూ వచ్చామని అధినేత స్వయంగా లేఖ వ్రాశారు. సంస్థలో సుమారు 53,000 మంది ఉద్యోగులున్నారని అప్పటి లెక్క. నెలసరి జీతం వస్తుందో రాదో తెలియని స్థితిలో వారంతా పడిపోయారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుకూ, మరి తొమ్మిదిమందికీ శిక్ష విధించినది. పై కోర్టు ఆ శిక్షను నిలిపి వారికి బెయిలు ఇచ్చినది.

ఆ గడ్డుకాలంలో కూడా 108 వాహనాలు తిరుగుతూనే ఉన్నవి. స్థాపకుని పేరు మసకబారిన రోజులలోనూ ఫోను మ్రోగితే ఎత్తినవారు, బండి తీసినవారు సామాన్యోద్యోగులు. 2009లో నిర్వహణ జీవీకే వర్గానికి మారినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అరబిందో వర్గపు సంస్థకు చేరినది. ఇన్నిమార్లు చేతులు మారినా ఆశయం నిలిచి ఉన్నదంటే కారణం అది నాయకుని కంటె ఎక్కువగా ఉద్యోగుల చేతుల్లో ఉండడమే. ఆశయానికి తానే యజమానినని భావించే నాయకుడు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవలసి ఉన్నది.

రెండవ చరిత్ర స్వయం కృషి సంగమ్‌ది. విక్రమ్ ఆకుల 1997లో ఈ సంస్థను స్థాపించి, మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెలలో పేద స్త్రీలకు చిన్న అప్పులు ఇవ్వడంతో పని ఆరంభించారు. వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా గేదెనో కుట్టుమిషనునో కొనుక్కోవడానికి ఆ అప్పు ఉపయోగపడాలన్నది ఆశయం. ధర్మసంస్థగా మొదలైనది 2005లో లాభార్జన సంస్థగా మారినది. ఎక్కువమంది పేదలకు చేరాలంటే ఎక్కువ పెట్టుబడి కావాలి, పెట్టుబడి రావాలంటే లాభం చూపాలి అన్నది దాని వాదం. 2010 నాటికి అప్పు తీసుకొన్నవారు దాదాపు 70 లక్షలు. ఆ ఆగస్టులో వాటాలు ఒక్కొక్కటి 985 రూపాయల ధరకు ప్రజలకు అమ్మి సుమారు 1,650 కోట్ల రూపాయలు సేకరించినది.

ఈ విస్తరణ యావత్తూ క్షేత్రోద్యోగి సైకిలుమీద, మోటారుసైకిలుమీద నడిచినది. అతడు చాలాచోట్ల పల్లెటూరి కుర్రవాడే. తెల్లవారకముందే లేచి ఊళ్ళోకి వెళ్ళి, స్త్రీలను వరుసగా కూర్చుండబెట్టి, వాయిదా సొమ్ము లెక్కపెట్టుకొని, మరొక ఊరికి పరుగెత్తాలి. ఒకామె కట్టలేకపోతే గుంపులోని మిగిలినవారు కట్టాలన్నది నియమం. ఆమె బిడ్డకు జ్వరమని అతనికి తెలుసు. ఆ సొమ్ము లేకుండా తిరిగి వెళ్తే పైవాడు ఊరుకోడనీ తెలుసు. పేదకు సేవ చేస్తున్నాననుకొన్నవాడు పేద ముంగిట కఠినుడుగా నిలువవలసిన ఘట్టమది. పైనున్న కార్యాలయంలో అది ఒక అంకె మాత్రమే.

2010లో అప్పు వసూళ్ళ ఒత్తిడివల్ల ఆత్మహత్యలు జరిగినవని ఆంధ్రప్రదేశ్‌లో ఆరోపణలు చెలరేగినవి. సూక్ష్మరుణ సంస్థలు వాటిని ఖండించినవి. అక్టోబరులో ప్రభుత్వం అత్యవసర శాసనం తెచ్చి వసూళ్ళకు కట్టుదిట్టాలు విధించినది. రాష్ట్రంలో వాయిదాలు దాదాపు నిలిచిపోయినవి. వాటాల అమ్మకం జరిగి రెండు నెలలైనా పూర్తిగా గడవకముందే సంస్థ తన ముఖ్య కార్యనిర్వాహకుణ్ణి తొలగించినది. 2011 నవంబరులో స్థాపకుడు తప్పుకొన్నారు. 2012లో ఈ రాష్ట్రంలో అనేక శాఖలు మూసి, సుమారు 1,200 మంది ఉద్యోగులను పంపివేయడానికి సంస్థ సంకల్పించినది. తరువాత అది పేరు మార్చుకొని, 2019లో ఒక బ్యాంకులో విలీనమైనది.

ఈ క్రమంలో ఎవరికి ఏమి దక్కినదో చూస్తే న్యాయం ఎటు ఒరిగినదో తెలుస్తుంది. వేగంగా పెరగాలన్న నిర్ణయం పైవారిది. ఆ వేగానికి ఊరివారు పెట్టిన శాపనార్థాలు విన్నది క్రిందివాడు. పెట్టుబడిదారు తన వాటా అమ్ముకోగలడు. స్థాపకుడు మరొక సంస్థ స్థాపించగలడు. ఉద్యోగం పోయిన కుర్రవాడు తాను నిన్నటివరకు వాయిదాలు వసూలు చేసిన ఊళ్ళోనే తలవంచుకొని తిరుగవలసి వచ్చినది. “ఈ ఊరివారు ఇంతకు మించి కట్టలేరు” అన్న సత్యం అందరికంటె ముందు తెలిసినది అతనికే. ఆ మాట పైకి పోయే దారి మాత్రం లేకపోయినది.

చెడ్డవార్త పైకి పోయే దారి ఎంత అవసరమో తెలుసుకోవడానికి మళ్ళీ నాదర్‌గుల్ వైపే చూడవచ్చును. విమానచోదన నేర్చుకొనేవారు ఎగురుతూ దిగుతూ సాధన చేసిన చిన్న విమానక్షేత్రం ఆ ఊరికి ఉన్నది. విమానవిద్యను మార్చివేసిన ఒక దుర్ఘటన 1977 మార్చి 27న అట్లాంటిక్ సముద్రంలోని టెనెరిఫె దీవిలో జరిగినది. మంచు కమ్మిన దారిమీద రెండు పెద్ద బోయింగు విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. వాటిలో ఒకదానిని నడుపుతున్నవాడు తన సంస్థలో చోదకులకే శిక్షణ ఇచ్చే గురుస్థానీయుడు. ఎగరడానికి అనుమతి రాకముందే ఆయన విమానాన్ని పరుగు తీయించాడు. దారిలో మరొక విమానం ఉన్నదేమోనని ప్రక్కనున్న క్రింది ఉద్యోగికి అనుమానం కలిగినది. అతడు అడిగాడు కూడా. నాయకుడు గట్టిగా తోసిపుచ్చగానే అతడు ఊరుకొన్నాడు. క్షణాలలో అంతా ముగిసినది.

ఆ నాయకుడు దుర్మార్గుడు కాడు, అసమర్థుడు అంతకన్నా కాడు. ఆయన కీర్తే క్రిందివారి గొంతుకు అడ్డుపడినది. ఇటువంటి ప్రమాదాల దరిమిలా 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక సమావేశం జరిపినది. ఆపైన విమాన సంస్థలు ఒక కొత్త శిక్షణ ప్రవేశపెట్టినవి. సందేహం కలిగితే క్రిందివాడు స్పష్టంగా చెప్పాలి, ఒకసారి వినకపోతే మళ్ళీ చెప్పాలి. పైవాడు ఆగి వినాలి. నేడు విమానం నడిపే ప్రతివాడూ దీనిని విద్యలో భాగంగా నేర్చుకొంటున్నాడు. నాయకుని అధికారం దీనివల్ల తగ్గలేదు, విమానయానం మాత్రం సురక్షితమైనది.

అంకుర సంస్థలలో ఈ శిక్షణ అరుదు. అక్కడ సాధారణంగా వినిపించే మాట “మనమంతా ఒక కుటుంబం” అన్నది. తెలుగువారికి కుటుంబమన్న మాట తీయనిది. కాని కుటుంబంలో లాభనష్టాలు తగ్గినాయని కొడుకును తొలగించరు, సంస్థ తొలగిస్తుంది. తొలగించే హక్కును అట్టిపెట్టుకొని, సంధ్యవేళ ఇంటికి వెళ్తానన్నవాణ్ణి మాత్రం కుటుంబద్రోహిగా చూడడం పొసగదు. తక్కువ జీతానికి బదులుగా వాటాలిస్తామని చెప్పడం మరొక ఆనవాయితీ. ఆ వాటాలు చేతికి రావడానికి సాధారణంగా నాలుగేళ్ళు పడుతుంది. మొదటి ఏడాదిలోపల వెళ్ళిపోతే ఏమీ రాదు. వచ్చిన వాటాలను కొనేవాడు దొరికితేనే అవి ధనం, లేకుంటే కాగితం. ఇది మోసమనడానికి వీలులేదు. అయితే యువకునికి ఈ సంగతి ముందే విడమరచి చెప్పని నాయకుడు సత్యసంధుడని అనడానికీ వీలులేదు.

“ఆరంభంలో సొమ్ము ఎక్కడిది? త్యాగం లేకుండా ఏ మంచిపని నిలిచినది?” అని నాయకులు అడుగవచ్చును. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కొత్త సంస్థ మొదటి రెండేళ్ళూ అర్ధాకలితోనే గడుస్తుంది. కాని త్యాగం చేసేవాడు తెలిసి, ఇష్టపడి చేయాలి. నాయకుడు తాను ముందు చేయాలి. ఎంతకాలమో గడువు ఉండాలి. లెక్కలు అందరి ఎదుటా ఉండాలి. ఈ నాలుగూ ఉన్నచోట తక్కువ జీతం కూడా గౌరవమే. ఇవి లేనిచోట నిర్బంధంగా చేయించుకొనే పనిని ఏమనాలో తెలంగాణ పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు. వెట్టి అన్న మాటను మరచిపోవడానికి ఆ పల్లెలు పెద్ద పోరాటమే చేసినవి.

ఉపాధ్యాయులకు ఈ విషయం పరాయిది కాదు. ఉపాధ్యాయవృత్తి పవిత్రమైనదని అందరూ అంటారు. ఆ పవిత్రతే ఒకప్పుడు వారి హక్కుకు అడ్డు వచ్చినది. 1978లో బెంగుళూరు నీటి సరఫరా సంస్థ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, లాభాపేక్ష లేనంతమాత్రాన ఒక సంస్థ కార్మిక చట్టానికి అతీతం కాబోదని చెప్పినది. విద్యాసంస్థలు కూడా ఆ చట్టం క్రిందికి వచ్చినవి. కాని పదేళ్ళ తరువాత, 1988లో, గోవాకు చెందిన ఒక ఉపాధ్యాయిని వ్యాజ్యంలో అదే కోర్టు ఉపాధ్యాయులను ఆ చట్టం చెప్పే కార్మికులుగా పరిగణించలేమన్నది. బోధన ఒక ఉదాత్తమైన వృత్తి అన్నది ఆ తీర్పులోని భావాలలో ఒకటి. బడిలోని గుమాస్తాకు ఉన్న రక్షణ ఆ గౌరవం పేరుతో ఉపాధ్యాయునికి లేకుండాపోయినది. ఉద్యోగ విరమణప్పుడు దక్కవలసిన గ్రాట్యుటీ విషయంలోనూ అంతే. 2004లో సుప్రీంకోర్టు ఉపాధ్యాయులు ఆ చట్టపు నిర్వచనంలోకి రారన్నది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేటట్లు హక్కు కల్పించినది. దానిని ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు సవాలు చేయగా 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు సవరణను సమర్థించినది.

ఇప్పుడు చట్టం మళ్ళీ మారినది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చినవి. వేతనాల స్మృతి ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడవ తేదీలోపల ఇవ్వాలి. ఉద్యోగి మానివేసినా, తొలగించినా రెండు పనిదినాలలో బాకీ తీర్చాలి. నారదుడు తగిన కాలమన్నదానికి శాసనం ఇలా తేదీ వేసినది. కాని పారిశ్రామిక సంబంధాల స్మృతి పరిశ్రమ అన్న పదాన్ని నిర్వచిస్తూ, దాతృత్వ, సామాజిక సేవలలో ప్రధానంగా నిమగ్నమైన సంస్థలను మినహాయించినది. లాభార్జన సంస్థ ఆశయాలు వల్లించినంతమాత్రాన ఈ మినహాయింపు దక్కదు. నిజమైన సేవాసంస్థలో పనిచేసే ఉద్యోగికి మాత్రం చట్టపు అండ ఆ మేరకు సన్నగిల్లినది. అటువంటిచోట నాయకుని మనస్సాక్షిమీద బరువు పెరిగినదన్నమాట.

మనస్సాక్షి ఒక్కదానినే నమ్ముకొనక, నాయకుడు జవాబు చెప్పుకొనే ఏర్పాటు చేసుకొన్న సంస్థలు మనకు తెలియనివి కావు. 1956లో నేటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి సహకార పరపతి సంఘాన్ని నెలకొల్పారు. రైతుకు అప్పు ఇవ్వడంతో మొదలై, పంట కొని అమ్మిపెట్టే స్థాయికి ఎదిగి, నేటికీ నిలిచి ఉన్న సంఘమది. అక్కడ నాయకుడు సభ్యుల మహాసభ ముందు లెక్క చెప్పవలసినవాడే. అదే 1956లో స్పెయిన్ దేశపు మొండ్రాగాన్ పట్టణంలో కార్మికులే యజమానులైన సంస్థ మొదలైనది. అత్యధిక వేతనం అత్యల్ప వేతనానికి మూడింతలు మించరాదన్నది వారి తొలి నియమం. తరువాత ఆ నిష్పత్తి సడలినది. 1974లో అక్కడా ఒక సమ్మె జరిగినది, సమ్మె నాయకులను బహిష్కరించారు కూడా. కార్మికులే యజమానులైన చోటనైనా అధికారం అధికారమే, ఎదురు మాట వినడం కష్టమే. అయినా అరవై ఏళ్ళకు మించి ఆ సంస్థలు నిలవడానికి, నాయకుని మంచితనానికి తోడు కాగితంమీద వ్రాసుకొన్న కట్టుబాటు ఉండడం ఒక కారణం.

తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడని సామెత. ఊరికి మేలు చేస్తామని బయలుదేరిన సంస్థకు మొదటి ఊరు దాని ఉద్యోగులే. రోగిపట్ల దయ, పేదపట్ల సానుభూతి, విద్యార్థిపట్ల వాత్సల్యం ఇంటిలో పనిచేసేవానిపట్ల లేకపోతే, బయటి దయను అనుమానించడం తప్పు కాదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దల మాటకు ఇంతకు మించిన తాత్పర్యం అక్కరలేదు.

పై తరగతుల విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ విషయమై చెప్పదగినది కొంత ఉన్నది. ఆశయాలను నమ్మవద్దని పిల్లలకు నేర్పరాదు. నమ్మేముందు అడగడం నేర్పాలి. జీతం ఏ తేదీన ఇస్తారు? వారంలో ఎన్ని గంటల పని? వాటాలు ఎప్పటికి చేతికి వస్తవి, ఏ షరతుమీద? నాయకుడు తాను ఏమి వదులుకొన్నాడు? ఇంతకుముందు మానివేసినవారు ఎందుకు మానివేశారు? నిరుడు చెడ్డవార్త తెచ్చినవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు? ఈ చివరి ప్రశ్నకు జంకు లేకుండా జవాబు చెప్పగల సంస్థలో చేరడానికి వెనుకాడనక్కరలేదు. ప్రశ్న వినగానే ముఖం చిట్లించే నాయకుని వద్ద ఆశయం ఎంత గొప్పదైనా జాగ్రత్తగా ఉండడం మంచిది.

నాదర్‌గుల్ వంటి ఊళ్ళ తరగతి గదులలో కూర్చున్న పిల్లలలో కొందరు రేపు ఉద్యోగులవుతారు. కొందరు స్వయంగా సంస్థలు స్థాపిస్తారు. మొదటివారికి ఈ ప్రశ్నలు అడిగే ధైర్యం కావాలి. రెండవవారికి, నెలాఖరున డబ్బు చాలనప్పుడు, ఎవరి జీతం ముందు ఆపాలన్న సమస్య ఎదురవుతుంది. ఆనాడు తన జీతం ముందు ఆపుకొని, ఆ సంగతి ఉద్యోగులందరికీ దాచకుండా చెప్పగలిగినవాడు నాయకుడనిపించుకొంటాడు.